కతోవిత్సే నుంచి ఏడు వారాలు

మా ఓమేర్ అన్న నవంబరులో పోయాడు. సొంత అన్న కాదు, పెదనాన్న కొడుకు. బెల్జియంలో కోర్త్రైక్‌ను ఆనుకుని ఉన్న మా ఊళ్లో ఒకప్పుడు వీధికి పదిమంది పావురాల పందేలు ఆడేవాళ్లు. ఇప్పుడు ఊరంతా వెతికినా పదిమంది దొరకరు. దూరం తీసుకెళ్లి వదిలితే ఇల్లు వెతుక్కుంటూ ఎగిరి వచ్చే ఈ పందెం పక్షులను ముందురోజు సాయంత్రం నా బార్‌కే తెచ్చి బుట్టల్లో పెడతారు కాబట్టి ఎవరి పావురం ఎంతటిదో నాకు తెలుసు. ఓమేర్‌ను మించినవాడిని నేను చూడలేదు.

అతని భార్య ఇర్మా వదినకు మాత్రం ఆ పక్షులంటే ఒళ్లు మంట. పెళ్లై వచ్చిన ఏడాదే తోట చివర ఓమేర్ చెక్కతో పావురాల గది కట్టాడు. అప్పటినుంచి అతను ఇంట్లో కంటే అందులోనే ఎక్కువ ఉన్నాడు. వదినకు నేతమిల్లులో పని. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ బట్టలు ఆరేయడానికి వీల్లేదు. తీగ మీద దుప్పటి రెపరెపలాడితే, వందల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పావురం బెదిరిపోయి కప్పు మీదే కూర్చుంటుంది, లోపలికి దిగదు. అది దిగితే తప్ప పందెం వేళ లెక్కించే గడియారం ఆగదు. అందుకని ఆదివారం గట్టిగా మాట్లాడకూడదు, తోటలో నడవకూడదు, ఎర్ర గౌను వేసుకోకూడదు. పిల్లలు లేని ఇంట్లో ఇన్ని ఆంక్షలు పావురాల కోసమని ఆమె నవ్వుతూనే అనేది కానీ ఆ నవ్వు ఎప్పుడూ సగమే.

అంత్యక్రియల తర్వాత అందరం కాఫీ తాగుతుండగా వదిన నా పక్కకు వచ్చి కూర్చుంది.

"రెమీ, ఆ పక్షులన్నీ అమ్మెయ్."

"ఇప్పుడే ఎందుకు వదినా? నేనొచ్చి మేత వేసిపోతాగా."

"మేత వేస్తావు సరే, అవి మెడ చాచి మీ అన్న కోసం చూస్తాయి. అది నేను చూడలేను. అమ్మెయ్."

జనవరిలో నా బార్ వెనక హాల్లోనే వేలం పెట్టాం. హాలండ్ నుంచి, జర్మనీ నుంచి, పోలండ్ నుంచి కూడా కొనేవాళ్లు వచ్చారు. పెరిగిన పావురాన్ని కొన్నవాడు దాన్ని ఎప్పటికీ బయటికి వదలడు. దానికి పుట్టే పిల్లల కోసం గదిలో ఉంచుకుంటాడు, అంతే. తలుపు తీస్తే అది పుట్టిన గూటికి పోతుందని అందరికీ తెలుసు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఓమేర్ నీలి అని పిలిచే బూడిదరంగు ఆడపావురం అన్నిటికంటే ఆఖర్న పోయింది. పోలండ్‌లోని కతోవిత్సే నుంచి వచ్చిన గింతెర్ అనే ముసలాయన దాన్ని కొన్నాడు.

తర్వాతి ఆదివారం వదిన ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. కర్టెన్లు కూడా. చలికాలం, ఎండ లేదు, అవి ఎంతకీ ఆరలేదు. కంచె అవతల నుంచి నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు.

ఫిబ్రవరిలో ఒకసారి ఫోన్ చేసి, "రెమీ, ఇంట్లో ఏదో మోటారు ఆగిపోయినట్టుంది. ఫ్రిజ్జో, నీళ్ల మోటారో. ఒకసారి వచ్చి చూడవూ?" అంది. వెళ్లి అన్నీ చూశాను. అన్నీ పనిచేస్తున్నాయి. ఇద్దరం వంటింట్లో నిలబడి కాసేపు చెవులు రిక్కించి విన్నాం. అప్పుడు నాకు అర్థమైంది, ఆమెకూ అర్థమైంది. నలభై నాలుగేళ్లుగా కిటికీలోంచి రోజంతా వినబడే పావురాల గురగుర, ఆగిపోయింది అదే. దాన్ని ఆమె ఎప్పుడూ చప్పుడుగా లెక్కవేయలేదు. నాకు కాఫీ ఇచ్చి, తనూ పోసుకుని, తాగకుండా చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

జూన్ మొదట్లో, ఒక ఆదివారం పొద్దున మళ్లీ ఫోన్.

"కప్పు మీద ఒక పావురం కూర్చుంది."

"అడవి పావురమై ఉంటుంది వదినా, తోలెయ్."

"కాలికి రింగు ఉంది. తోలితే పోవడం లేదు. దుప్పట్లకేసి చూస్తోంది."

నేను వెళ్లేసరికి వదిన తీగ మీది తడి దుప్పట్లు లాగేసి గడ్డి మీద కుప్ప పోసింది. పావురం కప్పు అంచున ముడుచుకుని ఉంది. ఓమేర్ డబ్బాలో బఠానీలు గలగలలాడించి ఈల వేసేవాడు. ఆ డబ్బా మేము ఎక్కడ పారేశామో. వదిన వంటింట్లోంచి బిస్కెట్ల డబ్బాలో బియ్యం పోసుకొచ్చి ఆడించింది. ఈల వేయడం రాదు, పెదాలు సున్నాలా చుట్టి గాలి ఊదింది. నాకు నవ్వొచ్చింది.

"నవ్వావంటే ఈ డబ్బా నెత్తిన వేస్తా," అంది గుసగుసగా.

పావురం దిగింది. దిగడం కాదు, జారి పడింది. చెక్క గది తలుపు మేము తీసి ఉంచాం, నడుచుకుంటూ లోపలికి వెళ్లి, కింది వరుసలో ఎడమ పక్క మూలనున్న అరలో కూర్చుంది. అది నీలి. రింగు చూడకముందే ఆ అరను బట్టి నాకు తెలిసింది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. తోకలో సగం ఈకలు లేవు, ఏ డేగో పీకి ఉంటుంది.

గింతెర్ నంబరు వేలం కాగితాల్లో దొరికింది. ఆయన ఆంట్‌వెర్ప్‌లో ఆరేళ్లు గోడల పని చేసినవాడు, మా భాష బూతులతో సహా వచ్చు. నేను విషయం చెప్పాను.

"ఈస్టర్ ముందు గాలివానకి కప్పు రేకు లేచిపోయింది," అన్నాడు. "ఏడు వారాలైంది. డేగ తినేసిందనుకున్నా. వచ్చిందా దొంగముండ! వెయ్యి కిలోమీటర్లకి పైనే!"

"మంచి పావురానికి రెండు రోజుల పని కదండీ. ఇన్నాళ్లు ఎందుకు పట్టిందంటారు?"

"మీ పక్షులన్నీ ఫ్రాన్స్ నుంచి, స్పెయిన్ నుంచి ఎగిరినవి. దక్షిణం నుంచి ఇల్లు ఎటో దానికి తెలుసు. తూర్పు నుంచి ఎప్పుడు ఎగిరింది? వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది పాపం."

వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అయ్యా, ఇది మీది. మీ దగ్గరికి ఎలా పంపాలో చెప్పండి."

"ఎందుకు మదామ్? పంపితే నేను ఏం చేస్తాను, బతికినన్నాళ్లు తాళం వేసి ఉంచాలి. అది అంత దూరం వచ్చి ఏమందో విన్నారుగా. ఉంచుకోండి."

"నాకు పావురాలు పెంచడం రాదు."

"మరి నలభై ఏళ్లు ఏం చేశారు?"

"బట్టలు ఆరేయకుండా ఊరుకున్నాను."

అవతల గింతెర్ పగలబడి నవ్వడం నాకూ వినిపించింది.

అలా మొదలైంది. మేత ఎంత వేయాలి, నీళ్లలో ఏం కలపాలి, ఈకలు రాలుతుంటే ఏం చేయాలి అని అడగడానికి వదిన ఆదివారం సాయంత్రాలు కతోవిత్సేకి ఫోన్ చేసేది. నన్ను అడగొచ్చు కదా, నేను నాలుగిళ్ల అవతలే ఉంటాను. అడగలేదు. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఫోన్‌లో మాట్లాడుతోంది, పావురాల సంగతి కాదు. నేతమిల్లు మూతపడిన రోజు సంగతి. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

నీలి నెమ్మదిగా కోలుకుంది. కానీ అరవై పక్షులుండే గదిలో ఒక్కటే. దాని అరలోంచి బయటికి వచ్చేది కాదు. జతలేకుండానే రెండు గుడ్లు పెట్టింది. వాటి మీద పొదిగి కూర్చుంది. అవి పిల్లలు కావని వదినకు నేను చెప్పాల్సి వచ్చింది.

"మరి దానికి చెప్పు," అంది వదిన.

ఆ ఆదివారం ఈ మాట విని గింతెర్ ఇంకో సంగతి చెప్పాడు. నీలి ఎగిరిపోయిన రోజు అక్కడి అరలో కూడా దాని గుడ్లు రెండు మిగిలాయట. వాటిని ఆయన వేరే జంట కింద పెట్టాడు. పొదిగాయి. ఇప్పుడు ఆ పిల్లలు రెండూ మేత తింటున్నాయి. ఇంకా వాటికి ఆకాశం చూపించలేదు. పావురం మొదటిసారి ఏ కప్పు మీంచి ఆకాశం చూస్తుందో అదే దానికి ఇల్లు. "వచ్చి పట్టుకుపోండి మదామ్," అన్నాడు. "మీ ఇంటివే అవుతాయి."

వదిన ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఓమేర్ పక్షులు బార్సిలోనా నుంచి ఎగిరి వచ్చేవి కానీ ఓమేర్ బార్సిలోనా చూడలేదు, ఆమె అసలు సరిహద్దు పక్కనే ఉన్న లీల్ పట్నం దాటలేదు. జూన్ చివర్లో శార్లెరోయి విమానాశ్రయానికి నేనే కారులో తీసుకెళ్లాను. జుట్టు దిద్దించుకుంది. మెడలో ముత్యాల దండ. చేతిలో చాక్లెట్ల పెట్టె.

"ఏంటి వదినా, పావురాలు కూడా జుట్టు చూస్తాయా?"

"నోరు మూసుకుని రోడ్డు చూడు." తర్వాత కాసేపటికి, "విమానం ఎంతసేపట్లో దిగుతుంది?" అని అడిగింది.

"గంటా నలభై నిమిషాలు."

"అంతేనా?" అంది. ఏదో మోసం జరిగినట్టు ఆమె ముఖం ముడుచుకుపోయింది.

అక్కడ జరిగిందంతా తర్వాత ఆమే నాకు చెప్పింది, ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా. విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. నీలి వచ్చిన దారి చూద్దామనుకుంది. మొత్తం మబ్బే. చెవులు మూసుకుపోకుండా నేనిచ్చిన పిప్పరమెంట్లు సగం కూడా అవకముందే దిగుతున్నామని చెప్పారట. బయటికి వచ్చే తలుపు దగ్గర ఆగి దండ సరిచేసుకుంది.

"తలుపు అవతల ఇద్దరు నిలబడి ఉన్నారు, రెమీ," అంది నాతో. ఆ విషయం మీద అంతకు మించి ఒక్క మాట అనలేదు, అప్పుడూ తర్వాతా.

గింతెర్ తన భార్య హిల్డాతో వచ్చాడు. ఆయన దాచింది ఏమీ లేదు, భార్య ఉందా అని వదిన అడిగిందీ లేదు. హిల్డా పొట్టిగా, గుండ్రంగా, మోకాళ్ల నొప్పితో ఊగుతూ నడిచే మనిషి. పూల గుత్తి వదిన చేతిలో పెట్టి బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుంది. చాక్లెట్ల పెట్టె వదిన ఆమెకే ఇచ్చింది.

భోజనంలో చుట్టిన గొడ్డుమాంసం, పులుసు నిలవడానికి మధ్యలో గుంట పెట్టిన బంగాళాదుంప ఉండలు, ఎర్ర క్యాబేజీ. గింతెర్ గబగబా తినేసి, "పక్షులు చూద్దాం రండి" అన్నాడు.

"అన్నం గొంతు దిగకముందేనా?" అంది హిల్డా. "నువ్వు పో. మేమిద్దరం గిన్నెలు కడుక్కుని వస్తాం."

పోలండ్‌లోనే ఉన్నా హిల్డా పుట్టింటి భాష జర్మన్, వదినది ఫ్లెమిష్. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ల లాంటి భాషలు, నెమ్మదిగా మాట్లాడితే సగం అర్థమవుతుంది, మిగతాది చేతులు చెబుతాయి.

"ఇర్మా, ఒకటి అడగనా? మీ ఇంట్లో కూడా ఆదివారం బట్టలు ఆరేయనిచ్చేవాడు కాదా?"

వదిన తుడుస్తున్న పళ్లెం పట్టుకుని ఆగిపోయింది.

"ఎర్ర గౌను కూడా వేసుకోనిచ్చేవాడు కాదు."

"నాకు పసుపుపచ్చ! మా పెళ్లికి మా అత్త పెట్టిన పసుపు గౌను. ఒక్కసారి వేసుకున్నానంతే. పావురం పొరుగింటి మీద దిగిందని నాతో మూడురోజులు మాట్లాడలేదు, గాడిద!"

ఇద్దరూ సింకు పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారట. గింతెర్ తలుపులోంచి తొంగిచూసి, ఇద్దరు ఆడవాళ్లు తననే చూసి మళ్లీ నవ్వితే, భయపడి వెళ్లిపోయాడట.

నవ్వు ఆగాక హిల్డా చేతులు తుడుచుకుంటూ మామూలుగా చెప్పింది.

"మావాడు ఇంట్లో నోరు విప్పడు. ఒకరోజు మేత గిన్నె ఇద్దామని వెళ్లి ఆ గది కిటికీ కింద ఆగాను. లోపల పావురాలతో మాట్లాడుతున్నాడు. ఏంటా అని విన్నాను. అన్నీ నా సంగతులే. హిల్డా మోకాలు వాచింది, హిల్డా నిన్న సరిగ్గా తినలేదు, హిల్డాని డాక్టరు దగ్గరికి ఎలా ఒప్పించాలి అని. నాతో అనొచ్చు కదా! అనడు. అప్పట్నుంచి ఏదైనా తెలుసుకోవాలంటే వెళ్లి ఆ కిటికీ కింద నిలబడతాను." నవ్వి, "మీ ఆయనా అంతేనా?" అంది.

వదిన ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. కిటికీ కింద నిలబడేదాన్ని అని అబద్ధం చెప్పి ఉండొచ్చు. తెలీదు.

పావురం పిల్లలు రెండూ బాగున్నాయి, ఒకటి తల్లిలా బూడిదరంగు, ఒకటి మచ్చలది. విమానంలో పక్షులను వెంట తేనివ్వరు. పావురాలను బెల్జియం చేరవేసే వ్యాను ఒకటి అక్కడినుంచి బయల్దేరుతుంది, దాన్లో పంపిస్తానన్నాడు గింతెర్. వదినకు తిరుగు టిక్కెట్టు ఉంది. ఆమె ఆ టిక్కెట్టు వదులుకుంది.

"నేనూ వ్యానులోనే వెళ్తాను," అంది.

"మదామ్, ఒక రోజంతా పడుతుంది! మీ నడుము విరిగిపోతుంది."

"పై నుంచి వస్తే ఏమీ కనబడలేదు. కింద నుంచి చూసుకుంటూ పోతాను."

వేకువన బయల్దేరారు. డ్రైవరు మాట్లాడే మనిషి కాదు, ఆమె భాష అతనికి రాదు. వెనక అట్టపెట్టెల్లో పావురాలు, ముందు సీట్లో ఇర్మా వదిన, ఒళ్లో హిల్డా కట్టిచ్చిన రొట్టెలు. పొలాలు, అడవులు, మళ్లీ పొలాలు. గాలి మరలు వరసగా తిరుగుతున్నాయి. ఎల్బే నది దాటారు. జర్మనీ ఎంతకీ అయిపోలేదు. మధ్యాహ్నం ఒక పెట్రోలు బంకులో ఆగినప్పుడు చుట్టూ చూసిందట. కరెంటు స్తంభాలు, లారీలు, పెద్ద పెద్ద గోదాములు. వాటి మీద ఎన్నో పావురాలు. ఇలాంటి ఏ గోదాము కప్పు మీద నీలి పడుకుంది, వాన వస్తే ఎక్కడికి పోయింది, ఎన్నిసార్లు తప్పు దిక్కుకు ఎగిరి మళ్లీ వెనక్కి వచ్చింది అనుకుందట. "అంత దూరం రెమీ," అంది నాతో. "దారిలో ఎక్కడైనా ఉండిపోవచ్చుగా. గింజలు లేకనా? వచ్చి చూస్తే ఏముంది, ఖాళీ గది. తడి దుప్పట్లు."

మా వీధిలో వ్యాను ఆగేసరికి ఇంకా కొంచెం వెలుతురుంది. దిగి నిలబడలేకపోతే చెయ్యిచ్చి పట్టుకున్నాను. పెట్టె మాత్రం నాకివ్వలేదు. పిల్లల్ని గదిలో వదిలాక మెట్టు మీద కూర్చుని అడిగింది.

"ఓమేర్ లోపల మాట్లాడేవాడా?"

"ఎవరితో?"

"పావురాలతో."

"మాట్లాడేవాడు వదినా."

"ఏం మాట్లాడేవాడు?"

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆమె ముఖం చూశాక చేతకాలేదు.

"నాకు తెలీదు. నేను లోపలికి రాగానే ఆపేసేవాడు."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

నీలి ఆ పిల్లలను గుర్తుపట్టలేదు. పట్టదు కూడా. గుడ్లప్పుడే వదిలి వచ్చినవాటిని ఏ పక్షి గుర్తుపడుతుంది? తన అర దగ్గరికి వస్తే ముక్కుతో పొడిచింది. వదిన మొదట బాధపడింది, తర్వాత పై వరుసలో వాటికి వేరే అర చేసింది. జూలైలో పిల్లలు మొదటిసారి కప్పు ఎక్కి మా ఊరి ఆకాశం చూశాయి. ఆగస్టుకల్లా చర్చి గోపురం చుట్టూ తిరిగి వస్తున్నాయి.

సెప్టెంబరులో పావురాల పందేల సంఘం వాళ్లు చిన్న పక్షులను ఫ్రాన్స్‌లో నోయోన్ దాకా తీసుకెళ్లి వదులుతామన్నారు. గాలి బాగుంటే రెండు గంటల లోపు దూరం. వదిన రెండిటినీ బుట్టలో పెట్టి నా బార్‌కు తెచ్చింది. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని మర్నాడు కళ్లు చూస్తే తెలిసింది. పది గంటలకు వదిలారని నాకు ఫోన్ వచ్చింది, వెళ్లి చెప్పాను. తోటలో స్టూలు వేసుకుని అప్పటికే కూర్చుని ఉంది.

మచ్చల పిల్ల పన్నెండు లోపే వచ్చింది. వదిన లేవలేదు, అరవలేదు. అది లోపలికి పోయేదాకా ఊపిరి బిగబట్టింది. తర్వాత మళ్లీ దక్షిణం వైపు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం సూప్ తీసుకెళ్లాను. అలాగే చల్లారిపోయింది. సాయంత్రం కోటు తీసుకెళ్లాను.

"వదినా, చీకటి పడితే అవి ఎగరవు. ఎక్కడో దిగి ఉంటుంది. లోపలికి పద."

"తెలుసు. ఇంకాసేపు."

నేనూ పక్కన గడ్డి మీద కూర్చున్నాను. కాసేపటికి, "మీ అన్న ఎన్ని ఆదివారాలు ఇలా కూర్చున్నాడో," అంది. బార్ తెరిచే వేళైంది, నేను లేవక తప్పలేదు. గేటు దగ్గర తిరిగి చూస్తే ఆమె మెడ ఇంకా పైకే ఎత్తి ఉంది.

బూడిదరంగు పిల్ల ఆరోజు రాలేదు. తర్వాతా రాలేదు. గింతెర్‌కు ఫోన్ చేస్తే హిల్డా ఎత్తిందట, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. ఇంకో పిల్లను పంపిస్తామంటే వదిన వద్దంది.

మరుసటి వారం బుట్టతో నా బార్‌లోకి వచ్చింది. లోపల మచ్చలది ఒక్కటే ఉంది.

"వదినా, ఇదొక్కటే మిగిలింది. ఈసారికి ఇంట్లో ఉండనివ్వకూడదా?"

"తాళం వేసి ఉంచుకోవడానికేనా అంత దూరం పోయి తెచ్చింది?" అంది. "నోయోనేనా ఈసారీ?"

"నోయోనే."

బుట్ట బల్ల మీద పెట్టి, తీగల సందులోంచి వేలు పెట్టి దాని మెడ ఒకసారి నిమిరి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఎదురుగాలి. మిగతావాళ్ల పక్షులు ఆలస్యంగా ఒక్కొక్కటీ చేరుతున్నాయి. మధ్యాహ్నం రెండు దాటాక బార్‌లో ఫోన్ మోగింది.

"వచ్చింది," అంది వదిన.

నేను ఏదో అడగబోయాను. అప్పటికే పెట్టేసింది.